తొమ్మిది వేలకు వచ్చినంత

కాప్రాకు బయలుదేరిన మంగళవారం నాడు వీరయ్య దగ్గర ఉన్నవి ఇవి: ఇనప్పెట్టెలో పద్నాలుగు వేల కల్దారు, అంటే ఇంగ్లీషు రూపాయలు, కోటు జేబులో మడత కొలబద్ద, రుమాలు కొసన ముడివేసిన బొటనవేలంత సుద్దముక్క. అప్పు ఒక్క పైసా లేదు. ఓపిక కూడా పెద్దగా మిగిలి లేదు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య అయిపోయి మూడు వారాలైంది. రెజిమెంటల్ బజార్‌లోని ఆయన పాతసామాన్ల దుకాణానికి ఈ మూడు వారాల్లో వచ్చి పడినంత సామాను అంతకుముందు మూడేళ్లలో రాలేదు. మంచాలు, అద్దాలు, గడియారాలు, పిల్లల ఊయలలు. అమ్మేవాళ్లు ఊరు విడిచిపోతున్న నిజాం కొలువువాళ్లు, బేరమాడటం మానేశారు. ఎంతిస్తే అంతే పుచ్చుకుని, నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో కుక్కుకుని వెళ్లిపోతున్నారు. బేరమాడని మనుషులతో వ్యాపారం చేసి చేసి వీరయ్యకు ఒళ్లు బరువెక్కింది. అవతలివాడు తనంతట తానే వెల్లకిలా పడుకుంటే దాన్ని కుస్తీ అంటారా?

తిరుమలగిరి వైపు పోయే మిలటరీ లారీలకు దారిస్తూ, ఆగుతూ, జట్కా మల్కాజిగిరి దాటింది. మరో గంటకు కాప్రా చెరువు కనిపించింది. ఆ యేడు వానలు బాగానే పడ్డాయి. నీళ్లు కట్ట నిండా ఉన్నాయి. చెరువు ఒడ్డున తుమ్మచెట్లు దాటాక పొడవాటి ప్రహరీ, ఇనుప గేటు. గేటు దగ్గర తాళాల గుత్తి పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. తెల్ల చీర, మోచేతుల దాకా జాకెట్టు, దారం కట్టిన కళ్లద్దాలు.

“వీరయ్య గారేనా అండి? నా పేరు జ్ఞానమణి. బేగం గారి అమ్మాయిలకు చదువు చెబుతాను. తాళాలు నాకిచ్చి వెళ్లారు.”

మాటను బట్టి కోస్తా మనిషి అని వీరయ్య పోల్చుకున్నాడు. బందరు నుంచో బెజవాడ నుంచో మిషన్ బడి పని మీద వచ్చి స్థిరపడిన కుటుంబం అయి ఉంటుంది.

“తహసీల్దార్ సాబ్ లేడా టీచరమ్మా?”

“మిలటరీ వాళ్లు ఎంక్వైరీ అని తీసుకెళ్లారండి. ఇవాల్టికి పదిహేడు రోజులు. బేగం గారూ, పిల్లలిద్దరూ అలియాబాద్‌లో అన్నగారింట్లో తలదాచుకుంటున్నారు. చెరువు ఒడ్డున ఇంత ఇంట్లో మగదిక్కు లేకుండా ఎలా ఉంటాం, అమ్మేయమన్నారు.”

మగదిక్కు లేకుండా అన్న మాట వీరయ్య చెవిలో పడగానే లోపలి లెక్కల చట్రంలో ఒక పూస ఇటు జరిగింది. అమ్మేది అవసరంతో కాదు, భయంతో. అవసరానికి అమ్మేవాడు పావలా తగ్గుతాడు. భయానికి అమ్మేవాడు సగానికి దిగుతాడు.

“మీకెంత ముడుతదేంది ఇండ్ల? నూటికి రెండా?”

“నాకేమీ లేదండి. ఇల్లు పోతే దీని వెనక నా గది కూడా పోతుంది,” అని ఆమె గేటు తాళం తీసింది.

ఎనిమిది గదులు. నడుమ పెద్ద హాలు. ఒక్కో తలుపు తీస్తూ ఆమె ముందు నడిచింది. వీరయ్య వెనక నడిచాడు. సామాను ముందు నుంచి చూడటం కొనేవాళ్ల పని, వెనక నుంచి చూడటం ఆయన పని. బీరువాను అంగుళం జరిపి వెనక చెక్క మీద వేలితో కొట్టి విన్నాడు. టేకు. అద్దం బెల్జియం అద్దం, మచ్చ పడలేదు. రుమాలు ముడి విప్పి సుద్దతో వెనక చెక్క మీద రాసుకున్నాడు: చెప్పర.

ఈ పద్ధతి ఆయన తండ్రిది. “వస్తువును చూసిన మొదటి క్షణం ఏ ధర తోస్తదో గదే అసలు ధర. తర్వాత తోచేదంతా బేరమే. మొదటిది అప్పుడే రాసుకో బిడ్డా. లేకుంటే అబద్ధాలు చెప్పి చెప్పి నువ్వే మర్సిపోతవ్,” అనేవాడు. అయితే అమ్మేవాడి కళ్లముందు ధర ఎలా రాయడం? అందుకు ఆ ముసలాయన పది అక్షరాల మాట ఒకటి కట్టాడు. చెప్పకు మనసులోని ధర. అక్షరాలు సరిగ్గా పది, వచ్చింది మళ్లీ రాదు. చె అంటే ఒకటి, ప్ప అంటే రెండు, అలా వరుసగా పోతే చివరి ర సున్నా. చెప్పర అంటే నూట ఇరవై. తండ్రి పోతూ ఇచ్చిన ఆస్తి ఆ పది అక్షరాలే.

పాలరాతి బల్ల మీద సుర. డజను బెత్తపు కుర్చీల్లో చివరిదాని వీపున మన. పుస్తకాల బీరువా, లోన. గోడ గడియారం, నిర. వెడల్పాటి తఖ్తు బల్ల కింద వంగి కుర అని రాస్తుంటే జ్ఞానమణి కూడా తల వంచి చూసింది.

“ఏమిటండి అది?”

“గుర్తుకు రాసుకుంటున్న టీచరమ్మా. మా పాతసామాన్ల భాష. మీకు సమజ్ కాదు.”

“కుర,” అని ఆమె పైకి చదివి, తర్వాతి గది తాళం తీసింది.

చివర్న హాలు తలుపులు రెండు బార్లా తెరిచింది. వీరయ్య వరండాలోకి అడుగుపెట్టాడు. ఎనిమిది స్తంభాల వరండా, ఎదురుగా చెరువు. నీటి మీదుగా వచ్చిన గాలి తిన్నగా ఛాతీలోకి దిగింది. వీరయ్య తనకు తెలియకుండానే ఊపిరి నిండా పీల్చాడు. రెజిమెంటల్ బజార్‌లో అంత ఊపిరి పీలిస్తే వార్నీషు, రంపంపొట్టు, ఎవరెవరి ఇళ్లదో పాత దుమ్ము. ఆ దుమ్ములో పద్దెనిమిదేళ్లుగా దగ్గుతున్న భార్య విమలమ్మ గుర్తుకొచ్చింది. చలికాలం ముందుంది. పోయిన చలికాలం ఆమె పడుకోలేక రాత్రులన్నీ కూర్చునే గడిపింది.

తోచింది. వెనక్కి తిరిగి, తలుపు రెక్క లోపలి వైపు రాశాడు: చెనిరరర. పద్దెనిమిది వేలు.

ఆ తర్వాత బేరం మొదలుపెట్టాడు. పైకప్పు చూసి నాలుక చప్పరించాడు. గోడ గీకి చెమ్మ చూపించాడు. “ఊరవతల ఇల్లు. చెరువంటే దోమలు, పాములు. గీ దినాలల్ల గింత పెద్ద ఇల్లు ఎవడు కొంటడు టీచరమ్మా? కొన్నోడు పరేషానే. సామానుతోని సహా తొమ్మిది వేలు. నిజాం హాలీ సిక్కా కాదు, కల్దారే. మీరు పెద్దమనిషి కనుక గంత అంటున్న.”

జ్ఞానమణి ఆ దోషాలన్నీ పిల్లవాడు ఎక్కం అప్పగిస్తుంటే విన్నట్టు మధ్యలో ఆపకుండా విన్నది.

“తొమ్మిది వేలు ఈ ఇంటి ధరా అండి, ఈ రోజుల ధరా?”

“రెండూ ఒకటే. ధర అంటేనే ఈ దినానిది.”

“సరేనండి. బేగం గారికి చెబుతాను. గురువారం రండి.”

గేటు దాకా వచ్చి సాగనంపింది. ఆమె ఒక్క మాట కూడా పెంచి అడగలేదు. జట్కా ఎక్కాక వీరయ్యకు అదే ముల్లులా గుచ్చుకుంది. పదకొండు అడిగితే పదికి ఒప్పుకోవాలని ముందే అనుకున్నాడు. అడగలేదు.

బుధవారం దుకాణం తెరవగానే పక్క దుకాణం పర్వతాలు వచ్చి అమ్మకానికి పెట్టిన కుర్చీలోనే కూర్చున్నాడు. ఇత్తడి సామాన్ల వ్యాపారి. ఈ మూడు వారాల్లో ఆయన మెడకు కొత్త గొలుసు వచ్చింది.

“ఏందన్నా, చెరువు కాడ మహల్ చూసొచ్చినవంట?”

“చూసిన.”

“ఎంతన్నవ్?”

“తొమ్మిది.”

“దిమాక్ గిట్ల ఖరాబైందా? ఏడన్నా ఇస్తరు. రెండు నెలలు ఆగు, ఆరుకిస్తరు. నేను బగ్గీ కొన్న, ఎంతకనుకున్నవ్? చక్రం ధరకు బండి. పాపం ఆ ఖాన్ సాబ్ గుర్రానికి ముద్దిచ్చి పోయిండు.” పర్వతాలు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. గొలుసు సర్దుకున్నాడు. “నువ్వు కొనకుంటే నాకు చెప్పు. ఎనిమిదికి నేను తీసుకుంట.”

“కుర్చీల నుంచి లే. కాలు వదులున్నది.”

“అమ్మేటప్పుడు గట్లనే చెప్పుతవా?” అంటూ పర్వతాలు లేచాడు.

దుకాణం వెనక గదిలో విమలమ్మ బీరువా పిడులు చింతపండుతో తోముతోంది. తోముతూ ఆగి దగ్గుతోంది. దగ్గు ఆగాక మళ్లీ తోముతోంది. వీరయ్య ఇంటి సంగతి చెప్పాడు. ఎనిమిది గదులు, బావి, వరండా, గాలి. గాలి అన్న దగ్గర ఆమె చేయి ఆగింది.

“మంచిగుంటదా?”

“చెరువు మీదికెల్లి సీదా వస్తది.”

“ఎవలదాయె ఇల్లు?”

“తహసీల్దార్‌ది. ఆయన లేడు. ఆడోళ్లే.”

విమలమ్మ పిడిని పైకెత్తి వెలుతురుకు చూసి, మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఆ తోమడం వీరయ్యకు నచ్చలేదు. బాగుందనో బాగలేదనో అంటే బదులు చెప్పొచ్చు.

గురువారం ఆయన బయానాకు అయిదు వందలు వేరుగా కట్టుకుని వెళ్లాడు. గేటు లోపల పరదా కట్టిన జట్కా ఆగి ఉంది. బేగం వచ్చినట్టుంది. హాలు పక్క గది తలుపు ఓరగా ఉంది, దాని వెనక గుడ్డల కదలిక, గాజుల చప్పుడు. జ్ఞానమణి ఒక బెత్తపు కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోబోతూ చూశాడు. వీపున మన అని ఉన్న కుర్చీయే అది.

“ముందు ఈ లెక్క ఒకసారి సరిచూడండి,” అని ఆమె ఒక కాగితం ఇచ్చింది.

గీతలు కొట్టిన కాగితం. ముత్యాల్లాంటి చేతిరాత. ఎడమ వైపు సామాన్ల పేర్లు, కుడి వైపు అంకెలు. బీరువా, నూట ఇరవై. పాలరాతి బల్ల, అరవై. కుర్చీలు, నలభై అయిదు. కుట్టుమిషను, తొంభై. వీరయ్య కళ్లు కిందికి దిగుతున్న కొద్దీ చెవులు వేడెక్కాయి. సామాను మొత్తం వెయ్యిన్ని నూట నలభై. దాని కింద గీత. గీత కింద, ఇల్లు, పద్దెనిమిది వేలు.

“ఎవలు చెప్పిన్రు మీకు?” అన్నాడు.

“మీరేనండి. ఇరవై ఏడు చోట్ల రాసి వెళ్లారు.” జ్ఞానమణి ఎదుటి కుర్చీలో కూర్చుంది. “మొదట నాకూ అర్థం కాలేదు. ప్పర అనే మాట ఏ భాషలోనూ ఉండదు కదా. అన్నీ ఒక కాగితం మీద ఎక్కించాను. ఇరవై ఏడు గుర్తులు, ఎటు తిప్పినా పది అక్షరాలే. పదకొండోది లేదు. పది అనగానే అంకెలే కదండి. చాలావాటి చివర ర. అంటే సున్నా. ఇక వరస కావాలి. బళ్లో పిల్లలకు అక్షరాలు చెదరగొట్టి ఇచ్చి మాట కట్టమంటాం. కుట్టుమిషను మీద ధర దొరికింది. కుర్చీ మీద మన. బీరువా మీద చెప్ప. రెండు సాయంత్రాలు పట్టింది. మంచి మాట అండి అది. ఎవరు కట్టారు?”

“మా నాయిన.”

“చదువుకున్నారా?”

“లేదు.”

“అయితే చాలా తెలివైనవారు,” అని ఆమె మనస్ఫూర్తిగా అన్నది. వీరయ్యకు అదే ఎక్కువ తగిలింది. తిట్టి ఉంటే లేచి వెళ్లిపోయేవాడు.

కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. వ్యాపారంలో దొరికిపోయినవాడికి మిగిలేది ఒకటే దారి, ఎదురు తిరగడం. “అయితే ఏంది టీచరమ్మా? ధర తెలిస్తే సరిపోతదా? కొనేటోడు కావాలె. గీ చెరువు చుట్టు తిరిగిరాండ్రి, ఎవడున్నడు పద్దెనిమిది వేలు ఇచ్చేటోడు? మా పక్క దుకాణమోడు ఎనిమిదంటున్నడు. రెండు నెలలైతే ఆరంటడు.”

“నిజమేనండి. ఎవరూ లేరు. అందుకే బేగం గారు మీరన్న తొమ్మిది వేలకే ఇస్తామన్నారు.”

వీరయ్య తలెత్తాడు.

“తొమ్మిది వేలకు ఎంత వస్తే అంత.” ఆమె చెయ్యి చాచింది. “ఆ సుద్దముక్క ఒకసారి ఇస్తారా?”

ఎందుకిచ్చాడో తెలియదు. చాచిన చేతిలో సుద్ద పెట్టే అలవాటు బడికి పోని వాళ్లకు కూడా ఉంటుందేమో. జ్ఞానమణి వరండాలోకి నడిచింది. స్తంభాలు లెక్కపెట్టి, నాలుగోదానికీ అయిదోదానికీ నడుమ వంగింది. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, గచ్చు మీద గీత గీస్తూ వచ్చింది. గడప దాటింది. హాలు నడిమి నుంచి, వీరయ్య కుర్చీ పక్క నుంచి, వెనక గుమ్మం దాకా గీసింది. నడుము పట్టుకుని లేచి నిలబడింది.

“అటు నాలుగు గదులు, ఇటు నాలుగు గదులు. అటు నాలుగు స్తంభాలు, ఇటు నాలుగు. బావి ఉమ్మడి. సామాను మాత్రం వాళ్లది వాళ్లకే. మీ దుకాణం నిండా సామానే కదా. అరసేరు డబ్బులిస్తే మీరు అరసేరే తూస్తారు కదండి, వీరయ్య గారూ. మేమూ అంతే.”

“సగం ఇల్లు ఎవడన్నా కొంటడా?”

తలుపు వెనక గాజులు కదిలాయి. సన్నటి గొంతు వినిపించింది. తెలుగు ఒక్కో మాటా ఏరుకుని పేరుస్తున్నట్టు ఉంది. “సేట్ సాబ్. మాకు ఇల్లు అమ్ముడు ఇష్టం లేదు. ఒక్కళ్లం ఉండాలంటే డర్. మీ ఇంట్ల ఆడోళ్లు ఉన్నరు గదా? వాళ్లు గోడకు అటు దిక్కు ఉంటే మేం ఇటు దిక్కు ఉంటం. తొమ్మిది వేల్ల సాబ్ వచ్చేదాక గడుస్తది. వస్తే.”

చెరువులో ఎక్కడో చేప ఎగిరి పడింది. వీరయ్య లేచాడు. బయానా మూట జేబులోనే ఉంది.

“సోంచాయించి చెప్త,” అన్నాడు. సుద్దముక్క ఆమె చేతిలోనే ఉండిపోయిందని మల్కాజిగిరి దగ్గర గుర్తొచ్చింది.

దారి పొడుగునా లెక్కలే. రెండు నెలలు ఆగితే పర్వతాలన్నట్టు ఇల్లంతా ఆరు వేలకు వస్తుంది. అది నిజం. అడిగేవాడు లేడు, అడ్డుకునేవాడు లేడు. ఆ టీచరమ్మ కాగితం ఏ కోర్టు కచేరీలోనూ చెల్లదు. ఆరు వేలకు ఎనిమిది గదులు. తొమ్మిది వేలకు నాలుగు గదులు. ఎంత మొద్దుకైనా తెలిసే లెక్క. కాని ఆ రెండు నెలల్లో కార్తీకం వస్తుంది, చలి వస్తుంది. ఆ చలిని ఏ వరుసలో వేయాలో తోచలేదు. ఇంకొకటి కూడా ఉంది, దానికి పేరు పెట్టడం రాలేదు. తన మనసులో ధర ఇంకొకరికి తెలిసి కూడా, ఆ ఇంకొకరి కళ్లముందే తక్కువ ఇచ్చి తీసుకోవడం ఇన్నేళ్లలో ఒక్కసారీ చేయలేదు. చేయవలసి రాలేదు.

ఇంటికి వచ్చాక తలపాగా తీయకుండానే విమలమ్మ ఎదుట కూర్చున్నాడు.

“నాయిన మాట పోయింది,” అన్నాడు.

“ఏం మాట?”

“ధరల మాట. పది అక్షరాలు. ఆ టీచరమ్మ ఇప్పేసింది. రెండు దినాలల్ల.”

విమలమ్మ ఆయన మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు. నవ్వి నవ్వి దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది.

“రెండు దినాలా? నాకు మూడేండ్లు పట్టింది.”

“నీకు తెల్సా?”

“ఎందుకు తెల్వదు? కందిపప్పు డబ్బా మీద రాస్తవ్. దుప్పట్ల పెట్టె మీద రాస్తవ్. పెండ్లైన కొత్తల నా గాజుల పెట్టె మీద సుత రాసినవ్, ప్పన అని. ఇరవై అయిదు. మా అమ్మ నలభై పెట్టి కొనింది, నీకు ఇరవై అయిదే తోచింది. దేవుని దయ, నా వీపు మీద రాయలే.”

“మరి ఇన్నేండ్లు చెప్పలేదేం?”

“చెప్పకు అని నువ్వే రాస్తివి గద.”

వీరయ్యకు కోపం రావాలి. రాలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గీత సంగతి చెప్పాడు. నాలుగు గదులు, నాలుగు స్తంభాలు, తలుపు వెనక గొంతు. పర్వతాలన్న ఆరు వేల సంగతి కూడా చెప్పాడు. ఆమె విన్నంతసేపూ పిడులను జతలు జతలుగా పేరుస్తూనే ఉంది.

“ఎనిమిది గదులు ఎవలు ఊడుస్తరు?” అన్నది చివరికి. “నాలుగైతే నాతోని అయితది. ఎనిమిది గదులిస్తే నువ్వు ఆరింటిల బీరువాలే నింపుతవ్.”

“సగం ఇల్లు విమలా.”

“గాలి సుత సగం చేసి ఇస్తరా?”

వీరయ్య లెక్క వేశాడు. స్తంభాలు నాలుగు పోతాయి. వరండా సగం పోతుంది. గాలిని ఎక్కడ గీత గీసి ఆపుతారు? ఇంత వ్యాపారం చేసినవాడికి ఈ ముక్క జట్కాలో తట్టకపోవడమేమిటి?

శనివారం కాగితాలు రాసుకున్నారు. రాసేవాడు దస్తావేజు చదువుతుంటే వీరయ్య మడత కొలబద్ద తీసి గీతను కొలవడం మొదలుపెట్టాడు. ఇటు గోడ నుంచి గీత దాకా, అటు గోడ నుంచి గీత దాకా. రెండుసార్లు కొలిచాడు. మోకాళ్లు నొప్పి పుట్టాయి. మూడోసారి కొలిచి లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగింది.

“టీచరమ్మా! లెక్క తప్పింది.”

జ్ఞానమణి కళ్లద్దాలు సర్దుకుంది. “ఎక్కడండి?”

“హాలుల. మీ గీత వంకర పోయింది. వెనక గుమ్మం కాడ నా దిక్కు రెండడుగులు ఎక్కువొచ్చింది. పిల్లలకు గిట్లనే నేర్పుతరా?”

“నడుం నొప్పండి,” అని ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే చిన్నగా నవ్వింది.

“తూకమంటే తూకమే. సుద్ద ఇయ్యున్రి.” వీరయ్య కాలితో పాత గీత చెరిపి, కొలబద్ద ఆనించి తిన్నగా కొత్తది గీశాడు. రెండడుగుల గచ్చు అటు పోయింది. ఆ రెండడుగులు పోగొట్టుకున్నంత సంబరం ఆయనకు ఈ మూడు వారాల్లో ఏ సామాను వచ్చినప్పుడూ కలగలేదు. దస్తావేజు రాసేవాడు కలం ఆపి, ఈ మనిషికి ఏమైందన్నట్టు చూశాడు. డబ్బు తలుపు సందులోంచి లోపలికి పోయింది. లోపల లెక్కపెడుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కో నోటూ, మెల్లగా, పూర్తిగా. వీరయ్యకు ఆ చప్పుడు హాయిగా అనిపించింది. లెక్కపెట్టే మనిషితో వ్యాపారం చేసి చాలా రోజులైంది.

సరిగ్గా వారానికి సామాను దిగింది. గోడ కట్టే మేస్త్రీ ఇంకా రాలేదు. హాలు నడుమ గీత మీద విమలమ్మ రెండు బీరువాలు వీపులు ఆనించి నిలబెట్టించింది. అవతల ఆడపిల్లల పాఠాలు వినిపిస్తున్నాయి. జ్ఞానమణి చదువుతుంది, పిల్లలు అంటారు. తహసీల్దార్ సాబ్ సంగతి ఇంకా ఏమీ తెలియలేదు. సాయంత్రాలు గేటు చప్పుడైతే పాఠం ఆగుతుంది. ఎవరూ కాదని తేలాక మళ్లీ మొదలవుతుంది. పర్వతాలు ఒకసారి వచ్చి చూసి, “తొమ్మిది వేలకు సగం ఇల్లా? నీకు చేతబడి గిట్ల చేసిన్రా అన్నా?” అని, చెరువుగట్టున బిందెలతో పోతున్న ఆడవాళ్లను కాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఇంకో వారం గడిచాక, ఆదివారం పొద్దున్న దుకాణం సెలవు. వీరయ్య వరండాలో తన నాలుగు స్తంభాల నడుమ కూర్చుని లెక్క సరిచూసుకున్నాడు. ఇచ్చింది తొమ్మిది వేలు, రిజిస్ట్రీ ఖర్చు వేరు. పెట్టెలో మిగిలింది అయిదు వేలకు కాస్త తక్కువ. పోయినవి తండ్రి పది అక్షరాలు, హాలులో రెండడుగులు, బజారులో కొంత పరువు. కొత్త మాట ఒకటి కట్టివ్వమని టీచరమ్మను అడిగితే, “కట్టిస్తానండి, కాని అది నాకు తెలిసిపోతుంది కదా,” అన్నది. అదీ నిజమే.

వచ్చినవి నాలుగు గదులు, సగం బావి. స్తంభానికి ఆనుకుని విమలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చాటలో బియ్యం. ఏరుతూ ఏరుతూనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చెరువు గాలి నుదుటి మీద వెంట్రుకలు కదిలిస్తోంది. వీరయ్య వేచి చూశాడు. దగ్గు రాలేదు. ఇంకాసేపు చూశాడు. రాలేదు.

అప్పుడు తలుపు రెక్క వైపు తిరిగాడు. చెనిరరర ఇంకా చెరిగిపోలేదు. పద్దెనిమిది వేలు, ఇల్లంతటికీ. ఆయన చూపు అక్కడి నుంచి తన సగం మీదుగా జరిగింది. తడిసిన గచ్చు, నాలుగు స్తంభాలు, నీళ్లు, చాటలో ఆగిపోయిన చెయ్యి. ఈ సగాన్ని తనదిగా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. మొదటి క్షణం ఒక అంకె తోచింది.

పద్దెనిమిది వేలు.

లెక్క తప్పిందేమోనని మళ్లీ చూడబోయి ఆగాడు. రెండోసారి తోచేదంతా బేరమని తండ్రి చెప్పనే చెప్పాడు. మొదటిదే ఖాయం. ఇచ్చింది తొమ్మిది, వచ్చింది పద్దెనిమిది. తొమ్మిది వేలు లాభం.

ఎక్కడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.